కల్తీ కల్లు - త్రాగువాని గతి

చెట్టు దిగిన కల్లునందు సారాయి పాలు స్వల్పము. తెలంగాణమున పెక్కు దుకాణములలో కల్లను పేర నమ్ముడుపోవుచున్నది వేరు ద్రవము. చెట్లు చాలవు, గిరాకి పెద్దది. కావున నీటిలో తీపి చేర్చి, మత్తుకొరకు ఆల్ప్రజోలము, డయజిపాము, క్లోరల్ హైడ్రేటు కలుపుచున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున నిట్టి కల్లు త్రాగి పలువురు మరణించిరి. దుకాణములను మూయుడని కేకలు లేచినవి. మూయవలసినదే. కాని, మూసిన మరునాడు త్రాగువాని గతి యేమి?

మెదడునందు నరముల యుద్రేకము నణచు గాబా యను రసాయనము కలదు. ఈ మందులు దాని బలమును హెచ్చించును. దినదినము నిట్లు జరుగగా మెదడు తన స్వంత కళ్లెమును సడలించుకొని మందునే కళ్లెముగా చేసికొనును. నిన్నటి మోతాదు నేడు చాలదు. హఠాత్తుగ మానినచో నరములు చెలరేగును. చేతులు వణకును, నిద్రపట్టదు, లేనివి కనబడును, మూర్ఛలు వచ్చును, ప్రాణమే పోవచ్చును. నల్లమందు మానినవాడు నరకయాతన పడినను సాధారణముగ చావడు. వీని కా ధైర్యమును లేదు.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ నరికట్టినంతనే నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో కూలీలు, ఆడువారు సహితము, వణకుచు, మతిచెడి మాటలాడుచు ఆస్పత్రులకు చేరిరి. తమ కలవాటైనది కల్లే యని వారి నమ్మకము. త్రాగినదేమో యెరుగని వానిని వ్యసనపరుడని దూషించుట మనకు సులభము!

కల్తీదారు నుపేక్షింపుమని మే మనుట లేదు. ఆల్ప్రజోలము 1985 సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టమునకు లోబడినదే. వానికి దయ యక్కరలేదు. అయితే అదే చట్టమున 64ఏ సెక్షను గలదు. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపీడితుడు తానై చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసినచో నతనిపై అభియోగము నడువదు. శాసనకర్తలకు కలిగిన యీ వివేకము దాడులకు పోవువారికిని కలుగవలదా?

వైద్యుల మార్గము స్పష్టము. దీర్ఘకాలము పనిచేయు డయజిపామును కొలిచి యిచ్చి, వారముల తరబడి, అవసరమైన నెలల తరబడి తగ్గించుకొని వత్తురు. దుకాణదారు దొంగతనముగ కలిపినదే వైద్యుని చేత మందగుచున్నది. దీనిని మత్తునకు ప్రోత్సాహమనువారు, సూదులద్వారా హెచ్ఐవి వ్యాపింపకుండ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రములలో నల్లమందు జాతి వ్యసనపరులకు బ్యూప్రెనార్ఫిను నిచ్చుచుండుట చూడవలెను.

మా కోరిక పెద్దది కాదు. దుకాణమునకు ముద్రవేయుటకు ముందే ఆ మండలపు ఆరోగ్యకేంద్రమున మందులు నిలువచేసి, మూర్ఛలు చూడనేర్చిన వైద్యుని నియమింపవలెను. కల్లు పరీక్షలో తేలినదేమో ఊరిలో దండోరా వేయింపవలెను. ఒక్కసారిగ మానవద్దని ఇంటింటికి చెప్పవలెను. చికిత్సకు వచ్చినవాని పేరును పోలీసు లడుగరాదు.