ఫ్రీ పేపర్‌కి చందానా? ఉయ్యాలవాడ వార్తకి ఖర్చు ఎవరు పెడుతున్నారు?

తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో పేపర్ పీడీఎఫ్ రెడీ. ఉయ్యాలవాడ అయినా, ఆళ్లగడ్డ అయినా చాలామందికి ఇదే అలవాటు. అదే పేపర్ 'ఇకపై చందా కట్టండి' అంటే? 'ఫ్రీగా వచ్చేదానికి డబ్బులెందుకు?' అంటాం. కానీ ఇన్నాళ్లూ ఆ ఖర్చు ఎవరు పెట్టారు? అసలు ప్రశ్న ఇదే.

ఎప్పుడు మొదలైంది?

2020 లాక్‌డౌన్‌లో ఇంటికి పేపర్ రావడం తగ్గింది, పీడీఎఫ్‌లు పెరిగాయి. ఇలా పంచడం చట్టవిరుద్ధమని ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ హెచ్చరించింది. కొన్ని పెద్ద పత్రికలు ఫ్రీ ఈ-పేపర్‌కి చందా పెట్టేశాయి. దైనిక్ జాగరణ్ కోర్టుకెళ్తే, ఆ పేపర్‌ని పంచుతున్న ఛానెళ్లను తీసేయాలని 2020 మే 29న ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ని ఆదేశించింది.

ఖర్చు ఎక్కడిది?

ఈనాడు 1989లో జిల్లా పేజీలు తెచ్చాక ఊరి వార్త పేపర్లోకి బాగా వచ్చింది. దాంతో పాటే ఊరి షాపుల యాడ్స్ కూడా వచ్చాయి. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. వచ్చిన వార్తని బట్టి కాస్త డబ్బు, పైగా యాడ్స్ టార్గెట్. నాయకుడి పుట్టినరోజుకి ఫుల్ పేజీ యాడ్ అడిగిన విలేకరి, మర్నాడు అదే నాయకుడిపై వార్త రాయగలడా?

ప్రభుత్వం డబ్బిచ్చినా చిక్కే. 2022 జూన్‌లో అప్పటి వైసీపీ ప్రభుత్వం పేపర్ కొనడానికి వాలంటీర్లకి నెలకి రూ.200 ఇచ్చింది. రెండున్నర లక్షల మందికి పైగా వాలంటీర్లంటే నెలకి రూ.5 కోట్లు దాటుతుంది. ఇది సాక్షికి మేలు చేయడానికేనని ఆరోపిస్తూ ఈనాడు యాజమాన్యం కోర్టుకెళ్లింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసుని ఢిల్లీ హైకోర్టుకి పంపింది.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టారు. అది దానం, బదులేమీ అడగలేదు. వార్తకి డబ్బు పెట్టేవాళ్లు అలా ఉండరు. ఏం వండాలో, ఏం వండకూడదో కూడా వాళ్లే చెప్తారు.

మరి కట్టాలా?

ఇప్పటికే నెలనెలా రీఛార్జ్ కడుతున్న పాఠకుడి కోపంలో న్యాయం ఉంది. సినిమా గాసిప్, నాయకుల ప్రెస్‌నోట్ల కోసం చందా ఎవరు కడతారు? కుందూలో నీళ్లు ఎంత పెరిగాయి, శనగలు ఏ రేటుకి కొంటున్నారు, పంచాయతీ నిధులు ఏమయ్యాయి... ఇవి రాస్తేనే డబ్బు అడిగే హక్కు ఉంటుంది. వరద హెచ్చరిక లాంటివి మాత్రం ఎప్పటికీ ఫ్రీగానే ఉండాలి.

ఈ పేజీ కూడా మీరు ఫ్రీగానే చదువుతున్నారు, యాడ్స్ దయవల్ల. ఊళ్లో ఒక్క విలేకరైనా పాఠకుల డబ్బుతో బతికితే, అతను భయపడాల్సింది పాఠకులకే. రేపు ఎవరైనా చందా అడిగితే 'ఎంత?' అనే ముందు 'మా ఊరి గురించి ఏం రాస్తారు?' అని అడగండి.