కుళాయి పైపుకు పర్మిషన్ ఎక్కడ మొదలైతది?



గుట్ట మీద ఊట ఉంటది. గుట్ట కింద గూడెం ఉంటది. మధ్యలో రెండు మూడు కిలోమీటర్ల అడవి. ఊట నుంచి పైపు దించితే ప్రతి ఇంటి ముందు కుళాయి పెట్టుకోవచ్చు. పైపులు వస్తయి, కాంట్రాక్టర్ కాలువ తవ్వుడు మొదలుపెడతడు. అప్పుడు ఫారెస్టోళ్లు వచ్చి "ఇది రిజర్వ్ ఫారెస్ట్, పర్మిషన్ ఏది?" అంటరు. పని ఆగుతది. మన అమ్మలు, అక్కలు మళ్లీ బిందెలెత్తుకొని చెలిమకు నడుస్తరు.

మీ ఊళ్లో ఇట్లా జరిగి ఉంటే ఈ మాటలు మీకోసమే.

పర్మిషన్ అడగడమే తప్పని మేం అనడం లేదు. ఆ పర్మిషన్ ఎట్లా వస్తదో గూడేనికి ఎవరూ చెప్పకపోవడమే మా కోపం. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు లైను వంటి 13 రకాల ప్రభుత్వ వసతులకు అటవీ భూమి ఇవ్వవచ్చని అందులో ఉంది. తాగునీటి సరఫరా, నీటి పైపులైన్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. 1980 అటవీ సంరక్షణ చట్టం ఎట్లా ఉన్నా ఇది వర్తిస్తుందని కూడా అక్కడే రాసి ఉంది. కాబట్టి "ఢిల్లీ నుంచి పర్మిషన్ రావాలె" అనే మాటకు భయపడకండి.

షరతులు మూడే. ఒక్కో పనికి హెక్టారులోపు భూమి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. అర మీటరు వెడల్పుతో మూడు కిలోమీటర్లు కాలువ తవ్వినా పట్టేది 1500 చదరపు మీటర్లు. అది అర ఎకరం కూడా కాదు.

ఆ సిఫారసు చేసేది మన గ్రామసభ. సభలో సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. తీర్మానంతో ఫైలు రేంజ్ ఆఫీసర్ ద్వారా డీఎఫ్‌ఓకు పోతది. ఆయన ఒప్పుకోకపోతే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ చూస్తది. నోటిమాటతో "కాదు" అంటే ఒప్పుకోవద్దు. కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబియ్యాలె.

ఇక మన వంతు కూడా ఉంది. పైపు పడ్డది కదా అని సంతకం పెట్టేస్తే ఎట్లా? ఎస్టిమేట్ కాపీ తీసుకోండి. పశువుల కాళ్లకు, నాగళ్లకు తగలనంత లోతులో పైపు వేస్తున్నరా? మురికి కాలువ పక్కనుంచి పోతోందా? మరుగుదొడ్డి గుంత చెలిమకు, బోరుకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉందా? కాలువ పూడ్చకముందే నీళ్లు వదిలి లీకేజీ చూసిన్రా? ఇవి ఇంజనీర్లకే వదిలేసే ముచ్చట్లు కావు. పంచాయతీ నిధులు సరిగ్గా ఖర్చయ్యాయని ధ్రువీకరించే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. పని చూడకుండా ఇచ్చే సంతకం రేపు మన పిల్లల విరేచనాలై తిరిగొస్తది.

ఇంకో మాట. ఏజెన్సీలో స్థిరాస్తి ఆదివాసీలకు, వాళ్ల సహకార సంఘాలకు తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదని 1/70 చెప్తోంది. అయినా మండల కేంద్రాల్లో బినామీ పేర్లతో అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్నయి, వాటికి నల్లా, కరెంటు అన్నీ వస్తున్నయి. అక్కడ కనిపించని రూల్ మన గూడెం పైపు దగ్గరికొచ్చేసరికి గుర్తుకొస్తది. అందుకే రూల్ మనకే బాగా తెలిసి ఉండాలె.

వచ్చే గ్రామసభకు సెక్షన్ 3(2) తెలుగు ప్రింట్ తీసుకొని పోండి. చదువొచ్చినోళ్లు చదివి వినిపించండి, మన భాషలో వివరించండి. నీళ్లు మోసే ఆడోళ్లతోనే మొదటి మాట మాట్లాడించండి. తీర్మానం రాయించి, ఒక కాపీ ఊళ్లోనే ఉంచుకోండి.

మావ నాటే మావ రాజ్ అంటున్నం కదా. ఆ రాజ్యం ఊట నుంచి కుళాయి దాకా కనిపించాలె.

జల్, జంగల్, జమీన్! జై ఆదివాసీ!