బ్రేకాయిలు మరిగితే

కిందటి ఆదివారం మా మేనల్లుడు బెంగుళూరు నుంచి తంబళ్లపల్లె వచ్చాడు. వచ్చీ రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా, చేతిలో ఒక డబ్బాతో నా ముందు నిలబడ్డాడు.

"మామా, వచ్చే నెల మద్రాసు ట్రాకు మీద నా కారు తోలబోతున్నా. టైర్లు మార్చినా. ఈ బ్రేకాయిలు పోస్తే చాలునా?" అన్నాడు.

ఎవరెన్నిసార్లు చెన్నై అన్నా మా ఇంట్లో అది ఇంకా మద్రాసే. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారి ట్రాకు 1990 నుంచి ఉంది. అంతకుముందు పందేలు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల దారి మీద జరిగేవి. పందేలు లేనప్పుడు రుసుం కట్టి, హెల్మెట్టు పెట్టుకుని, మనబోటి వాళ్లు కూడా సొంత కారు తోలుకునే రోజులు కొన్ని ఉంటాయి. వాటినే ట్రాక్ డేలంటారు.

డబ్బా చూడకముందే నేను వాడికి నా పాత కథ ఒకటి చెప్పాను. పాఠకులకూ అదే చెప్పి అసలు సంగతికి వస్తాను.

మా ప్రాంతం వాళ్లకు హార్స్‌లీ కొండంటే ఇంటి పెరడు లాంటిది. దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు హార్స్‌లీ దొర 1870 ప్రాంతంలో అక్కడ బంగళా కట్టుకున్నాక ఆయన పేరు అంటుకుంది. చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం మా ఆవిడతో అక్కడి నుంచి దిగుతున్నాను. పెట్రోలు ఆదా అవుతుందని గేరు తీసేసి, బ్రేకు మీద కాలు ఆనించి, పాటలు వింటూ దిగాను. నాలుగైదు మలుపులు తిరిగాక బ్రేకు పెడలు దూదిలో కాలు పెట్టినట్టు మెత్తగా దిగిపోయింది. కారు ఆగలేదు. మా ఆవిడ కూడా ఆగలేదు; ముక్కోటి దేవతలనూ పిలిచింది. పెడలును గబగబా నాలుగుసార్లు తొక్కి, గేరు వేసి, కొండవైపు కంకరలోకి ఎక్కించాను. రెండోవైపు లోయ. ఇంతకన్నా వర్ణించను.

చిత్రమేమంటే, అరగంట అక్కడే కూర్చుని మళ్లీ తొక్కి చూస్తే బ్రేకు శుభ్రంగా పట్టింది! మర్నాడు మదనపల్లె మేస్త్రికి చూపించాను. ఆయన డబ్బీ మూత తీసి, కాఫీ డికాషను రంగులో ఉన్న ఆయిలును చూసి నవ్వాడు.

"సామీ, బ్రేకు బాగానే ఉండాది. ఆయిలే సచ్చిపోయిండాది. మార్చి ఎన్నేండ్లాయ?"

నాకు జ్ఞాపకం లేదు. అదే జవాబు.

అసలు జరిగేదేమిటో చూడండి. మనం పెడలు తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకుపోయేది ఈ ద్రవమే. ద్రవం నొక్కితే నలగదు గనక బ్రేకు పడుతుంది. అది మరిగి ఆవిరి బుడగలు పుడితే, మన కాలి బలమంతా బుడగల్ని నొక్కడానికే ఖర్చవుతుంది. చల్లారితే బుడగలు కరిగిపోతాయి. తప్పు చేసిన పిల్లవాడిలా పెడలు మళ్లీ బుద్ధిగా నిలబడుతుంది. అంచేతనే చాలామంది ఆ సంగతి మరిచిపోతారు.

ట్రాకు మీద ఈ వేడి ఎంతో లెక్క వేసి చూపించాను. వెయ్యి కిలోల కారును గంటకు 144 కిలోమీటర్ల నుంచి 72కు తగ్గిస్తే పుట్టే వేడితో ఇంచుమించు రెండు లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి. అది ఒక్క మలుపుకు. చల్లారేలోగా ఇంకో మలుపు, చుట్టు తర్వాత చుట్టు. ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేసిన ఆయిలు అక్కడ పది నిమిషాల్లో లొంగిపోతే ఆశ్చర్యమేమీ లేదు.

ఇక డబ్బా మీది అంకెలు. పేరుకు ఆయిలే గాని ఇది నూనె కాదు, గ్లైకాల్ జాతి రసాయనం. వానాకాలంలో ఉప్పుజాడీ చెమ్మగిల్లినట్టు ఇది గాలిలోని తడిని పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా. అంచేత ప్రతిదానికీ మరిగే అంకెలు రెండు. ఒకటి సీలు విప్పిన నాటిది, రెండోది నూటికి 3.7 వంతుల నీరు చేరాక ఉండేది. డాట్ 3 కనీసం 205, 140 డిగ్రీలు. డాట్ 4 కనీసం 230, 155. డాట్ 5.1 కనీసం 260, 180.

"అయితే మామా, డాట్ 5 ఇంకా మేలు గదా?" అన్నాడు మావాడు.

అక్కడే ఉంది మోసం! 5.1 గ్లైకాల్ జాతిదే గాని, డాట్ 5 సిలికోను. 3, 4, 5.1 ఒకదానితో ఒకటి కలుస్తాయి. సిలికోను వాటితో కలవదు. పైగా వేడెక్కితే నలిగే గుణం దానికి ఎక్కువ. ట్రాకు కారుకు అది పనికిరాదు.

పందేల వాళ్ల కోసం వేరే రకాలున్నాయి. మోట్యుల్ ఆర్‌బీఎఫ్ 660 కొత్తలో 325 డిగ్రీల దాకా మరగదని చెబుతారు. నీరు చేరాక ఆ అంకె 204. కాస్ట్రోల్ ఎస్‌ఆర్‌ఎఫ్ కొత్తలో 320, నీరు చేరాక 270. మొదటి అంకెలు చూస్తే రెండూ కవలలే. రెండో అంకెలు చూస్తే చాలా దూరపు చుట్టాలు. ఎస్‌ఆర్‌ఎఫ్ వెల మాత్రం గుండె పట్టుకునేటట్టు ఉంటుంది.

మరి ఏది కొనాలి? మీ కారును కాదు, మీ అలవాటును చూసుకుని కొనమంటాను. ట్రాకుకు వెళ్లే ప్రతిసారీ ముందు రోజు ఆయిలు మార్చే ఓపికుంటే మొదటి అంకె మంచిదైన నడితరం రకం చాలు. ఒకసారి పోసి ఏడాదంతా తిరిగే బాపతైతే రెండో అంకె ఎక్కువున్నదే కొనండి. ఏడాదికొక్కసారి సరదాకు, నెమ్మదిగా తోలేవారికి మంచి డాట్ 4 కొత్తది పోసినా చాలు. ఏబీఎస్ ఉన్న కార్లలో మరీ చిక్కటి ఆయిలు సన్నని దారుల్లో చురుగ్గా పారదు గనక, కారుతో ఇచ్చిన పుస్తకం చూసి మరీ పోయండి.

ఆయిలు మీద లేనిపోని నిందా వేయకండి. పెడలు మెత్తగా దిగిపోతే తప్పు ఆయిలుది. పెడలు రాయిలా గట్టిగా ఉండి కారు మాత్రం ఆగకపోతే తప్పు ప్యాడ్లది. వాటికి ఎంత ఖరీదు ఆయిలు పోసినా లాభం లేదు. ట్రాకు మీద పెడలు మెత్తబడిందా, పంతానికి పోకుండా పక్కకు వచ్చేయండి. బయటికి వచ్చే ముందు ఒక చుట్టు నెమ్మదిగా తిరగండి. వేడి మీద ఉన్నప్పుడు హ్యాండుబ్రేకు వేయకండి. రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, రంగును తినేస్తుంది.

ఇదంతా విని మావాడు తల గోక్కున్నాడు. "సగం ఇప్పుడు పోసి, మిగతాది వచ్చే ట్రాక్ డేకి దాచుకుందామనుకున్నా మామా."

"మీ అత్త ఆవకాయ జాడీ మూత ఊరికే తెరిస్తే ఏమంటుంది?"

"చంపేస్తుంది."

"ఇదీ అంతేరా. అది చెప్పి చంపుతుంది, ఇది చెప్పకుండా."

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం పనికి దిగాం. వాడు పెడలు తొక్కుతుంటే నేను చక్రం దగ్గర సన్నగొట్టం పెట్టి, బుడగలు ఆగి తేట ఆయిలు వచ్చేదాకా పాతదంతా లాగించాను. నాలుగు చక్రాలకూ అయ్యేసరికి పొద్దు వాలింది. చివరికి డబ్బీ మూత మీద కాగితపు ముక్క అంటించి ఆనాటి తారీఖు వేయించాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "ఈ బుద్ధి ఆ రోజు కొండ ఎక్కకముందు ఉంటేనా!" అంది.

నా కారు డబ్బీ మీదా ఒక తారీఖు ఉంది. మీ కారు మీద లేకపోతే, ఈ పేజీ మూసి ఒకసారి ఆ మూత తీసి చూడండి.