గుమ్మం లోపలి భక్తి



దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించమన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ఉంది. ఆ వెంటనే వచ్చే చోట్లు చూడండి: ఇల్లు, దారి, పడక, గుమ్మం. ఆ వచనాల్లో బలిపీఠం ఊసే లేదు. ఎంత ఇంటిపట్టు ఆజ్ఞ అది!

ఈ సంచిక సిద్ధం చేస్తున్నంతసేపూ బ్రదర్ లారెన్స్ నా మనసులో మెదులుతూనే ఉన్నారు. 17వ శతాబ్దపు మనిషి. సైనికుడిగా పనిచేసి, గాయపడి, తర్వాత పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరారు. అక్కడ ఆయనకు అప్పగించింది వంటపని. అదంటే ఆయనకు సహజంగా గిట్టదు. అయినా ఏళ్ల తరబడి చేశారు. పెనం మీద గుడ్డట్టు తిరగేసినా దేవుని మీద ప్రేమతోనే తిరగేసేవారు. గిన్నెల చప్పుడులోనూ ఆయన ప్రార్థన ఆగలేదు. 1691లో ఆయన కన్నుమూశాక ఆయన సంభాషణలు, ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి.

మన ఇళ్లలో కుటుంబ ప్రార్థనకు కొదవ లేదు, దేవునికి స్తోత్రం. నా బాధల్లా ప్రార్థన ముగిశాక మొదలయ్యే రోజు గురించి. ఆదివారం చేతులెత్తి పాడి, సోమవారం పనిమనిషి జీతం అడిగితే "రేపు చూద్దాంలే" అంటాం. పొరుగువాణ్ణి ప్రేమించమని చెప్పిన లేవీయకాండం 19వ అధ్యాయమే, కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోవద్దనీ చెబుతోంది. దేవుణ్ణి ప్రేమించడాన్నీ పొరుగువాణ్ణి ప్రేమించడాన్నీ యేసు కలిపే బోధించాడు. మనం విడదీయలేం.

ఎవరికైనా ఇవ్వాల్సింది మీ దగ్గర ఆగిపోయి ఉంటే, దయచేసి ముందు అది ఇచ్చి రండి. తర్వాత పేజీ తిప్పండి.

- సంపాదకుడు