సర్వీసు మనది.. లెక్క ఎవరిది?
కువైట్‌లో తెలుగువారి ఉద్యోగ రికార్డులు: సరిదిద్దుకునే గడువు ఎంత? దారి ఏది?

కువైట్‌ను 1991లో ఇరాక్ ఆక్రమణ నుంచి విడిపించిన యుద్ధంలో పాల్గొన్న అమెరికా సైనికులకు ‘కువైట్ విమోచన పతకం’ రెండు రకాలుగా దక్కింది. ఒకటి సౌదీ అరేబియా ఇచ్చింది. రెండోది కువైట్ ప్రభుత్వమే ఇచ్చింది. కువైట్ ఇచ్చిన పతకాన్ని స్వీకరించేందుకు అమెరికా రక్షణ శాఖ 1995లో గానీ అనుమతించలేదు. అప్పటికే వారిలో చాలామంది సైన్యం వదిలి ఇళ్లకు చేరుకున్నారు. వారి డిశ్చార్జి పత్రంలో ఆ పతకం ఊసే లేదు.

అయినా వారికి దారి మూసుకుపోలేదు. అక్కడ సైనికుడి చేతికిచ్చే డిశ్చార్జి పత్రాన్ని డీడీ 214 అంటారు. అందులో పతకమో, సర్వీసు కాలమో తప్పిపోతే దరఖాస్తు చేసుకోవచ్చు. అధికారులు రికార్డు పరిశీలించి డీడీ 215 పేరుతో సవరణ పత్రం జారీ చేస్తారు. అక్కడా తేలకపోతే సైనిక రికార్డుల సవరణ బోర్డులు ఉన్నాయి. 1946లో చేసిన చట్టంతో అవి ఏర్పడ్డాయి. తప్పు తెలిసిన మూడేళ్లలోగా అడగాలన్నది నియమం. అయితే న్యాయం కోసం అవసరమనుకుంటే ఆ గడువును పక్కన పెట్టే అధికారం బోర్డుకు ఉంది. అంటే పాతికేళ్ల తరువాత గుర్తించిన లోపాన్ని కూడా సరిచేయించుకునే అవకాశం ఉంటుంది.

ఆ సైనికులు విడిపించిన దేశంలోనే మన కడప, రాజంపేట, రాయచోటి, కోనసీమ, నరసాపురం ప్రాంతాల వారు పదేళ్లు, ఇరవై ఏళ్లు పనిచేసి తిరిగి వస్తున్నారు. వీరికీ ఒక డిశ్చార్జి పత్రం ఉంటుంది. దాన్ని సర్వీసు సర్టిఫికెట్ అంటారు. వీరికి పతకాలు ఉండవు. చేసిన సర్వీసుకు దక్కేది ఇండెమ్నిటీ డబ్బు. ఆ కాగితంలో తేదీ, జీతం తప్పుగా ఉంటే సరిచేయించుకోవడానికి ఉన్న గడువు మాత్రం ఒక్క ఏడాది. ఈ తేడా తెలియక నష్టపోతున్న కుటుంబాలు ఉన్నాయి.

చట్టం ఏం ఇచ్చింది?

కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం 2010లో వచ్చింది. దాని సంఖ్య 6. నెల జీతంపై పనిచేసేవారికి మొదటి అయిదేళ్లలో ఏడాదికి 15 రోజుల వేతనం, ఆ తరువాత ప్రతి ఏడాదికి ఒక నెల వేతనం చొప్పున సర్వీసు ముగింపు ప్రతిఫలం ఇవ్వాలి. మొత్తం ఏడాదిన్నర జీతం మించకూడదు. లెక్క చివరిగా అందుకున్న జీతంపై కడతారు.

కాలపరిమితి లేని కాంట్రాక్టులో ఉద్యోగి తానుగా రాజీనామా చేస్తే లెక్క మారుతుంది. మూడేళ్ల నుంచి అయిదేళ్ల లోపు సర్వీసుకు సగం, అయిదు నుంచి పదేళ్ల లోపు సర్వీసుకు మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితే పూర్తి మొత్తం వస్తుంది.

సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వడం యజమాని దయ కాదు, ఉద్యోగి హక్కు. అందులో చేసిన పని, సర్వీసు కాలం, చివరి జీతం ఉండాలి. ఉద్యోగికి చెడ్డపేరు తెచ్చే మాటలు గానీ, మరోచోట ఉద్యోగం రాకుండా చేసే మాటలు గానీ రాయకూడదు. ఉద్యోగి ఇచ్చిన అసలు పత్రాలన్నీ తిరిగి ఇచ్చేయాలి.

మరో ముఖ్యమైన రక్షణ కూడా ఉంది. రాతపూర్వక కాంట్రాక్టు లేకపోయినా ఒప్పందం ఉన్నట్టే చట్టం భావిస్తుంది. ఉద్యోగి తన హక్కును ఏ రకమైన సాక్ష్యంతోనైనా నిరూపించుకోవచ్చు. ‘కాగితం లేదు కాబట్టి నీకేమీ రాదు’ అని మేనేజర్ అంటే అది చట్టం మాట కాదు.

తప్పు ఎక్కడ పడుతుంది?

మొదటిది జీతం. వర్క్ పర్మిట్‌లో ఒక అంకె, చేతికి వచ్చేది మరో అంకె. కొంత బ్యాంకులో వేసి మిగతాది నగదుగా ఇచ్చేవారు ఉన్నారు. నగదుగా వచ్చినదానికి జాడ ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఉద్యోగి ఒకే కంపెనీలో 16 ఏళ్లు పనిచేశాడనుకుందాం. అసలు జీతం 180 దినార్లు, రికార్డులో ఉన్నది 120. రోజు వేతనం కోసం నెల జీతాన్ని సాధారణంగా 26తో భాగిస్తారు. రికార్డు ప్రకారం మొదటి అయిదేళ్లకు 346 దినార్లు, తరువాతి 11 ఏళ్లకు 1,320, మొత్తం 1,666 దినార్లు వస్తాయి. అసలు జీతంపై లెక్కిస్తే 519, 1,980 కలిపి 2,499 దినార్లు. తేడా 833 దినార్లు. మన రూపాయల్లో రెండు లక్షలకు పైమాటే. ఒక కూతురి కాలేజీ ఫీజు, ఒక ఇంటి స్లాబు ఆ ఒక్క అంకెలో పోతాయి.

రెండోది తేదీ. పనిలో చేరిన రోజు ఒకటి, వర్క్ పర్మిట్ వచ్చిన రోజు మరొకటి. పదేళ్ల నాలుగు నెలలు పనిచేసిన వ్యక్తి చేరిక తేదీ రికార్డులో ఆరు నెలలు ఆలస్యంగా పడితే సర్వీసు తొమ్మిదేళ్ల పది నెలలే అవుతుంది. అతను రాజీనామా చేస్తే పూర్తి ప్రతిఫలం కాస్తా మూడింట రెండు వంతులకు పడిపోతుంది. కంపెనీ చేతులు మారినా, మరో కంపెనీలో కలిసినా పాత కాంట్రాక్టు కొనసాగుతుందని చట్టం చెబుతోంది. కానీ కొత్త కాంట్రాక్టు అంటూ సంతకం పెట్టించుకుని పాత సర్వీసును చెరిపేసే అలవాటు కొందరికి ఉంది.

మూడోది పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టు దాన్ని చివర అడుగుతుంది. అక్కడి నుంచి పేరు అరబిక్‌లోకి వెళుతుంది. అరబిక్‌లో ‘ప’ అక్షరం లేదు, దాని బదులు ‘బ’ రాస్తారు. పాపారావు ‘బాబారావు’ అవుతాడు. బతాకాలో ఒక రకంగా, బ్యాంకులో మరో రకంగా ఉంటే బతికున్నంతకాలం సర్దుకుపోవచ్చు. మనిషి పోయాక వారసులు ఆ డబ్బు అడిగితే అప్పుడు బయటపడుతుంది అసలు చిక్కు.

నాలుగోది అన్నిటికన్నా కష్టమైనది. ఆజాద్ వీసా. డబ్బు కట్టి వీసా కొంటారు. ఆకామా ఒక కఫీల్ పేరుమీద, పని మరెక్కడో. ఇక్కడ రికార్డు పొరపాటు కాదు, మొదటినుంచీ అబద్ధం. పనిచేయించుకున్నవాడి రికార్డులో ఆ మనిషి లేడు, రికార్డులో ఉన్న కఫీల్ దగ్గర ఆ మనిషి పని చేయలేదు. ఆకామా ఒకచోట, పని మరోచోట అన్నదే చట్టవిరుద్ధం కనుక ఫిర్యాదు చేయాలన్నా భయం. 15 ఏళ్ల కష్టానికి సర్వీసు సున్నా. వీసా కొనేటప్పుడు ఈ లెక్క ఏజెంటు చెప్పడు.

ఇళ్లలో పనిచేసేవారి సంగతి

ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు 2010 చట్టం వర్తించదు. వారికి 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఉంది. వారానికో సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏటా జీతంతో కూడిన సెలవు, సర్వీసు ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం అందులో ఉన్నాయి. కనీస వేతనాన్ని 2016లో 60 దినార్లుగా నిర్ణయించారు. ఇంటి పనివారి ఉపాధి విషయమై భారత్, కువైట్ 2021లో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. కాగితం మీద ఇది మంచిదే. కానీ జీతం చేతికిచ్చే ఇళ్లలో నిరూపణ కష్టం. సేటు ఇంట్లో పదేళ్లు వంట చేసిన అక్కకు చివరకు మిగిలే సాక్ష్యం ఊరికి పంపిన డబ్బు రసీదులే కావచ్చు. వాటిని చెత్తబుట్టలో వేయకూడదు.

1990 నేర్పిన పాఠం

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చినప్పుడు అక్కడున్న మనవారు కట్టుబట్టలతో బయటపడ్డారు. 1,70,000 మందికి పైగా భారతీయులను స్వదేశానికి చేర్చారు. జీతం బకాయిలు, బ్యాంకు పొదుపు, సామాన్లు అక్కడే ఉండిపోయాయి. తరువాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ ఏర్పాటైంది. దేశం విడిచి వెళ్లాల్సి వచ్చిన వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు స్థిరంగా ఇచ్చారు. మరో కేటగిరీలో క్లెయిము చేయబోమని ఒప్పుకుంటే 4,000, 8,000 డాలర్లు.

ఇక్కడ గమనించాల్సింది సాక్ష్యం నియమం. యుద్ధంలో కాగితాలు పోతాయని కమిషన్‌కు తెలుసు. అందుకే ఈ స్థిర పరిహారానికి దేశం విడిచిన తేదీని చూపే చిన్న ఆధారం ఉంటే చాలన్నారు. పాస్‌పోర్టులో పడ్డ ముద్ర చాలామందికి అన్నం పెట్టింది. అంతకు మించి జీతం నష్టం, ఆస్తి నష్టం అడిగినవారు మాత్రం వేరే రుజువులు చూపాల్సి వచ్చింది. మొత్తం 52.4 బిలియన్ డాలర్ల చెల్లింపులు 2022 జనవరిలో గానీ పూర్తి కాలేదు. నష్టపోయినవారి పక్షాన ప్రపంచమే నిలబడినప్పుడు నియమాలు ఇలా మెత్తబడ్డాయి. మామూలు రోజుల్లో ఒక్క కార్మికుడి కోసం ఎవరూ నియమాలు సడలించరు.

మన మాజీ సైనికులకూ ఇదే సమస్య

ఈ సమస్య మన సైన్యం నుంచి వచ్చినవారికీ కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం ప్రపంచ యుద్ధాల కాలం నుంచి సైనికులను పంపిన ఊరు. సైన్యంలో రిటైరయ్యాక విదేశాల్లో మరో ఉద్యోగం చూసుకునేవారు మనలో ఉన్నారు. వారి డిశ్చార్జి బుక్కులో, పెన్షన్ ఉత్తర్వులో భార్య పేరు, పుట్టిన తేదీ, పతకాలు సరిగ్గా ఉన్నాయా అన్నది బతికుండగానే చూసుకోవాలి. సవరణకు తమ రెజిమెంటు రికార్డు ఆఫీసును, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. పెన్షన్ వివరాలు ఇప్పుడు ‘స్పర్శ్’ పోర్టల్‌లో కనిపిస్తాయి. వివాదం తేలకపోతే 2009 నుంచి పనిచేస్తున్న సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. భర్త పోయాక భార్య ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగడం కన్నా, ఇద్దరూ ఉండగా ఒక దరఖాస్తు పెట్టడం తేలిక.

ఏడాది గడువు.. ఎలా వాడుకోవాలి?

కువైట్ చట్టం ప్రకారం కాంట్రాక్టు ముగిసిన ఏడాది తరువాత, యజమాని బాకీ లేదని వాదిస్తే, కార్మికుడి దావాను కోర్టు వినదు. దావా వేయడానికి ముందు మాన్‌పవర్ అథారిటీలోని కార్మిక సంబంధాల విభాగంలో ఫిర్యాదు చేయాలి. మనవాళ్లు ఇప్పటికీ దాన్ని పాత పేరుతో ‘షూన్’ అనే పిలుస్తారు. అక్కడ రాజీ కుదరకపోతే కేసు కోర్టుకు వెళుతుంది. కార్మికుడికి కోర్టు ఫీజు లేదు.

మనలో చాలామంది చేసేది దీనికి సరిగ్గా తిరకాసు. టికెట్ చేతికి రాగానే అరబిక్ కాగితం మీద సంతకం పెట్టి విమానం ఎక్కుతారు. ‘నాకు రావాల్సిందంతా ముట్టింది’ అని అందులో ఉండొచ్చు. అయితే కాంట్రాక్టు నడుస్తుండగా గానీ, ముగిసిన మూడు నెలల్లోపు గానీ చట్టబద్ధమైన హక్కును తగ్గించే రాజీ చెల్లదని అదే చట్టం చెబుతోంది. కాబట్టి సంతకం పెట్టేశాం కదా అని వదులుకోవాల్సిన పని లేదు. ఇంటికి చేరినా ఏడాదిలోపు కువైట్‌లోని న్యాయవాదికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. దానికి మన విదేశాంగ శాఖ, ఢిల్లీలోని కువైట్ రాయబార కార్యాలయం ధ్రువీకరణలు అవసరం. అందుకే నెలలు కరిగిపోతాయి. పెళ్లిళ్లు, పండుగలు అయ్యాక చూద్దామంటే గడువు దాటిపోతుంది.

అంతకన్నా మేలైనది ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోవడం. వర్క్ పర్మిట్‌లోని ఉద్యోగం, జీతం, తేదీ వివరాలు ఇప్పుడు అథారిటీ ఆన్‌లైన్ సేవల్లో చూసుకోవచ్చు. ఆకామా రెన్యువల్ అయిన ప్రతిసారీ ఆ వివరాలను స్క్రీన్‌షాట్ తీసి ఇంటికి పంపండి. ఏటా బ్యాంకు స్టేట్‌మెంట్ దాచండి. జీతం పెరిగితే నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాంట్రాక్టులో చేర్పించమని అడగండి. పాస్‌పోర్టు మారితే పాతది పారేయవద్దు, అందులోని ముద్రలే మీ సర్వీసు చరిత్ర. అరబిక్ కాగితం ఏదైనా సంతకానికి ముందు ఫోటో తీసి, చదవగలిగినవారికి చూపించండి.

ప్రభుత్వాల వంతు

ప్రైవేటు రంగ ఉద్యోగులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలన్న నిబంధన 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది కూడా ఆన్‌లైన్‌లోనే. ప్రతిదీ కంప్యూటర్‌లోకి వెళ్లడం వల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. రికార్డు పోదు. కానీ అందులో ఎక్కిన తప్పూ పోదు. ఇక ముందు కంప్యూటర్‌లో ఉన్న అంకెదే పైచేయి.

మన ప్రభుత్వాలు ఇప్పుడు చూపుతున్న శ్రద్ధ ఎక్కువగా వెళ్లేటప్పుడు, లేదా మృతదేహం వచ్చేటప్పుడు కనిపిస్తోంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరవై ఏళ్ల సర్వీసును పట్టించుకునే వ్యవస్థ బలహీనం. వెళ్లేముందు ఈ-మైగ్రేట్‌లో నమోదైన కాంట్రాక్టు, కువైట్‌లో నమోదైన వర్క్ పర్మిట్ ఒకటేనా అని ఏటా పోల్చి చూసే ఏర్పాటు ఉండాలి. తిరిగి వచ్చినవారికి మొదటి మూడు నెలల్లోనే బాకీల లెక్క చూసే కేంద్రం రాయచోటిలోనో, రాజంపేటలోనో, అమలాపురంలోనో ఉంటే ఏడాది గడువు వృథా కాదు. ద్వైపాక్షిక చర్చల్లో ఆ గడువును పెంచమని అడగడమూ న్యాయమే.

అది జరిగేదాకా కాపలా మనదే. కువైట్‌లో అన్నో, బావో, అక్కో ఉన్న ప్రతి ఇంటివారూ ఈ వారం ఫోన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: ‘నీ వర్క్ పర్మిట్‌లో జీతం ఎంత రాశారు, చేరిన తేదీ ఏది?’ జవాబు తెలియదంటే, కనుక్కోమని చెప్పండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు అడిగితే అది సవరణ. వచ్చేశాక అడిగితే అది కేసు. ఏడాది దాటాక అడిగితే మిగిలేది బాధ ఒక్కటే.