సిరలోకి ఆహారం, వెంటే అల్యూమినియం

మందులో చేరకూడనిది చేరిందన్న అనుమానం బిలాస్‌పూర్‌కు కొత్త కాదు. 2014 నవంబరులో పెండారీ శిబిరంలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాక సంభవించిన మరణాలు మాత్రల నాణ్యతపైనా ప్రశ్నలు లేపాయి. తోర్వా రైల్వే బస్తీల తెలుగు కుటుంబాలకు అది పక్కింటి వార్త. సిర ద్వారా ఇచ్చే పోషకాహారంలోని లోహాల ముప్పు వేరు. అది ఒక్క రోజులో బయటపడదు.

తిన్న అల్యూమినియంలో అత్యధిక భాగాన్ని పేగులు లోనికి రానివ్వవు. సిరలో ఆ కాపలా లేదు. భారమంతా మూత్రపిండాలదే; నెలలు నిండని శిశువుల్లో అవి ఇంకా పరిణతి చెందవు.

1997లో బ్రిటన్ పరిశోధకులు 227 మంది అటువంటి శిశువులపై అధ్యయనం ప్రచురించారు. మామూలు ద్రావణంతో కిలో బరువుకు రోజుకు 45 మైక్రోగ్రాముల అల్యూమినియం చేరగా, శుద్ధి చేసినదానితో 4 నుంచి 5 మాత్రమే చేరింది. నాడీ వైకల్యం లేని శిశువుల్లో మామూలు ద్రావణం ఎక్కిన రోజులు పెరిగినకొద్దీ, 18 నెలల వయసులో మానసిక వికాసం తగ్గినట్లు తేలింది.

ప్రధాన దోషి కాల్షియం గ్లూకోనేట్. నిల్వ ఉన్నకొద్దీ అది గాజు సీసాలోని అల్యూమినియాన్ని కరిగించుకుంటుంది. 2004లో అమల్లోకి వచ్చిన అమెరికా నిబంధన పెద్ద సీసాలకు లీటరుకు 25 మైక్రోగ్రాముల పరిమితి విధించింది. చిన్న సీసాలకు మాత్రం గరిష్ఠ మోతాదును లేబుల్‌పై ముద్రిస్తే చాలంది. కాల్షియం వచ్చేదేమో చిన్న సీసాలోనే!

మాంగనీస్ కథ మరొకటి. పోషకంగా కావాలనే కలిపే ఆ లోహం పైత్యరసంతో బయటకు పోతుంది. కాలేయం దెబ్బతిన్నవారిలో మెదడులో పేరుకుంటుంది. ప్లాస్టిక్ సీసాల కాల్షియం, దీర్ఘకాల రోగులకు రక్తపరీక్షలు: ఈ రెండూ ఆసుపత్రులు నేడే చేపట్టగల పనులు.