ఎవరి పాపమని అడిగే ముందు



పుల్పిట్ మీద పేరు పెట్టి ఎన్నడూ మాట్లాడని సంగతి ఒకటి ఈ వారం రాస్తున్నాం. అది సుఖవ్యాధుల గురించి, ముఖ్యంగా హెచ్‌ఐవి గురించి. పెళ్లీడు పిల్లలు చదువుతారేమోనని సంకోచించకండి, వాళ్లు చదవాలనే రాస్తున్నాం.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక సహోదరి భర్త చనిపోయాడు. లారీ డ్రైవరు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. ఆయన పోయాక పరీక్ష చేస్తే ఆమెకు హెచ్‌ఐవి ఉందని తేలింది. ఊళ్లో మాట పొక్కింది. ఆ ఆదివారమే మేము వ్యభిచారానికి వచ్చే శిక్షను గూర్చి గట్టిగా బోధించాం. ఆమె ఎదురుగా చాప మీద కూర్చుని వింది. ప్రభువు బల్ల దగ్గర ఆమె తర్వాత పాత్ర అందుకోవడానికి ఇద్దరు వెనుకాడారు. మేము చూసి కూడా ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం నుంచి ఆమె మందిరానికి రావడం మానేసింది.

మందులు కూడా మానేసిందని చాలా నెలల తర్వాత తెలిసింది. మా శ్రీమతి వెళ్లి అడిగితే, "అమ్మగారూ, దేవుడే శిక్ష వేశాడని అయ్యగారు చెప్పాక ఇంక మందెందుకు?" అందట. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే, పాపం ఇతనిదా, కన్నవాళ్లదా అని. ప్రభువు వారి లెక్క ఒప్పుకోలేదు, అతనికి చూపునిచ్చాడు. ఆ రోజు మేము శిష్యుల పక్కన నిలబడ్డాం గాని ప్రభువు పక్కన కాదు.

ఈ వ్యాధి మనకు దూరమైంది కాదు. 2021 అంచనాల ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వారిలో వెయ్యికి ఇద్దరికి హెచ్‌ఐవి ఉంటే, తెలంగాణలో దాదాపు ఐదుగురికి, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఏడుగురికి ఉంది. ఎక్కువమందితో సంబంధాలు, నిరోధ్ వాడకపోవడం, తాగుడు, నెలల తరబడి ఇంటికి దూరంగా పని, వైద్యం చేయించుకోని సిఫిలిస్ పుండ్లు, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే. భార్యకు మాత్రం ఇవేవీ అక్కర్లేదు, భర్తకు ఉంటే చాలు. పరిశుద్ధతను మేము తక్కువ చేయడం లేదు. ఇద్దరూ నమ్మకంగా ఉన్న వివాహం గట్టి కంచె. కానీ ఆ కంచె ఒక వైపు తెగితే రెండో వైపు ఎంత కాపలా కాసినా లాభం లేదు.

గనేరియా, క్లమీడియా స్త్రీలలో చాలాసార్లు పైకి కనబడవు. లోలోపల గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవచ్చు. సంతానం కోసం ఉపవాస ప్రార్థనకు భార్య ఒక్కతే వస్తుంది, భర్త పరీక్షకు రాడు. మందులతో నయమయ్యే జబ్బుకు ఆమె గొడ్రాలనే పేరు మోస్తుంది.

హెచ్‌ఐవికి ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా మందులిస్తోంది. రోజూ వాడి, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే ఉంటే కలయిక ద్వారా భాగస్వామికి సోకదు. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు నూటికి 15 నుంచి 45 వరకు సోకే అవకాశం ఉంది. తల్లీబిడ్డలకు సకాలంలో మందు పడితే అది అయిదు లోపుకు దిగుతుంది. ఒకే పాత్రలో తాగినా, ఒకే కంచంలో తిన్నా, చేయి కలిపినా ఈ వ్యాధి అంటదు.

కాబట్టి మా మనవి ఇది. పెళ్లి ప్రకటన చదివించే ముందు అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. ఇటీవల ప్రమాదం జరిగి ఉంటే మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోండి. రిపోర్టు మాకు చూపించనక్కర్లేదు, మీరిద్దరూ ఒకరికొకరు దాచకుంటే చాలు. ఇతరుల హెచ్‌ఐవి సంగతి వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం తప్పు, దేవుని యెదుట ఇంకా పెద్ద తప్పు. అనుమానం ఉంటే ప్రభుత్వాసుపత్రిలో అడగండి, లేదా 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. స్వస్థత కూటంలో ప్రార్థన చేయించుకున్నామని మాత్రలు ఆపకండి. మీతో ప్రార్థిస్తాం గాని మందు మానమని ఎన్నడూ చెప్పం. బల్ల దగ్గర ఎవరైనా వెనుకాడితే ఇకమీదట మౌనంగా ఉండం.

ఆ సహోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె మళ్లీ మందులు వాడుతోంది, ఇప్పుడు పొలం పనికి కూడా వెళ్తోంది. ఇదంతా ఆమె అనుమతితోనే రాశాం. "ఇంకొకరు మానెయ్యకుండా రాయండి అయ్యగారూ" అంది.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.